బొగ్గు కడుక్కున్న చోట

ఫిబ్రవరి 24, న్యూ ఓలెసుండ్ (నార్వేకి ఉత్తరాన, ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో ఊరు)

పొద్దున మైనస్ 18 డిగ్రీలు. గాలి లేదు కాబట్టి నడవడం తేలికైంది. లెక్క ప్రకారం సూర్యుడు ఈపాటికి తిరిగొచ్చేశాడు, కానీ దక్షిణాన కొండలు అడ్డం కావడంతో ఊళ్లో ఎండ పడాలంటే మార్చి రావాలి. అప్పటిదాకా ఈ నీలి వెలుతురే.

హిమాద్రి నుంచి గ్రూవెబాడెట్‌కి బయల్దేరాను. 2008లో మన దేశం ఇక్కడ ఈ స్టేషన్ తెరిచినా, చలికాలం చీకట్లో కూడా మనవాళ్లు ఉండడం 2023 డిసెంబరు నుంచే మొదలైంది. మన పరికరాలు కొన్ని గ్రూవెబాడెట్‌లో ఉన్నాయి. ఆ పేరుకి నార్వే భాషలో గని స్నానాలగది అని అర్థం. ఒకప్పుడు ఈ ఊరు బొగ్గుగని ఊరు. షిఫ్టు అయ్యాక కార్మికులు అక్కడే ఒళ్లు కడుక్కునేవారట. 1962 నవంబరులో జరిగిన పేలుడులో 21 మంది చనిపోయారు, మరుసటేడు గని మూసేశారు.

నేను కొత్తగూడెంలో పుట్టాను. నాయన ముప్పై ఏళ్లు బొగ్గుబాయి దిగాడు. ఎంత రుద్ది స్నానం చేసినా ఆయన కంటి అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలేది. అందుకే ఆ గది తలుపు తీసిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతాను.

లోపల గాలిలో మసిని కొలిచే ఏథలోమీటర్ పనిచేస్తూ ఉంది. పంపు బయటి గాలిని లాగి తెల్లటి ఫిల్టర్ టేపు గుండా పంపుతుంది. గాలిలోని మసి టేపు మీద గుండ్రటి మచ్చగా పేరుకుంటుంది. ఆ మచ్చ మీద వెలుగు వేసి, ఎంత తగ్గిందో చూసి మసి ఎంతుందో లెక్క కడుతుంది. మచ్చ బాగా నల్లబడితే టేపు జరిగి కొత్త చోటు వస్తుంది. మన నగరాల్లో క్యూబిక్ మీటరు గాలిలో వేల నానోగ్రాముల మసి ఉంటుంది. ఇక్కడ పదుల్లోనే. ఈ రోజు మచ్చ లేత బూడిద రంగులో, పెన్సిల్‌తో మెల్లగా రుద్దినట్టుంది.

లేత రంగే అయినా చూస్తే బాధేస్తుంది. చలికాలంలో ఇక్కడ కింది గాలి పై గాలితో కలవడం తక్కువ, పొగను కడిగేసే వాన, మంచు కూడా తక్కువ. యూరప్, రష్యా వైపు నుంచి వచ్చిన పొగ రోజుల తరబడి ఇక్కడే వేలాడుతుంది. చీకట్లో మంచు మీద పడిన మసి ఏమీ చేయదు. ఎండ వచ్చాకే వేడిని పీల్చుకుని చుట్టూ ఉన్న మంచును కరిగిస్తుంది. ఆ ఎండ ఇంకెంతో దూరంలో లేదు.

9:40కి గ్రాఫ్ ఒక్కసారిగా నిటారుగా లేచింది. టెన్షన్‌తో కిటికీలోంచి చూస్తే స్నో స్కూటర్ వెళ్తోంది. వెంటనే టైము, గాలి దిక్కు లాగ్‌బుక్‌లో రాశాను. రాయకపోతే ఆ స్కూటర్ పొగ కూడా ఆర్కిటిక్ గాలి లెక్కలో కలిసిపోతుంది.

తిరిగొస్తుంటే జర్మన్, ఫ్రెంచ్ స్టేషన్ వాళ్లు రోజూ వదిలే బెలూన్ పైకి వెళ్తూ కనిపించింది. ఫ్యోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) అవతల కొండ కొసల మీద మాత్రం గులాబీ రంగు ఎండ. మెస్ గుమ్మంలో బూట్లు విప్పి, చేప, బంగాళాదుంపలు తిన్నాను.

ఇక్కడ పరిశోధన కోసం పెట్టిన యాంటెనాలకు ఆటంకం కలగకూడదని వైఫై, బ్లూటూత్ వాడనివ్వరు. సాయంత్రం లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి ఇంటికి కాల్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. నాయన ఇంకా పడుకోలేదు. స్నానాలగది సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు.

"ఆ మచ్చ ఒకసారి చూపియ్యి బిడ్డా."

పొద్దున తీసిన ఫొటో స్క్రీన్ మీద పెట్టాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"ఇది ఏడి బొగ్గో తెలుస్తదా?"

గాలి వచ్చిన దారిని వెనక్కి లెక్కగడితే ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది, ఏ ఊరిదో మాత్రం చెప్పలేమని అన్నాను.

"దిక్కన్నా చూడు మరి."

రేపు పొద్దున్నే ఆ లెక్క చేసి చెబుతానన్నాను.