మా అమ్మాయిని సిస్టర్ల బడికి మార్చిన ఏడాది: నా అనుభవం

మా పెద్దమ్మాయిని రెండో తరగతికి సిస్టర్ల బడిలో, అంటే కాథలిక్ సిస్టర్లు నడిపే కాన్వెంటులో వేశాం. ఈ మార్చితో ఏడాది పూర్తవుతోంది. మా వీధిలో ఇద్దరు ముగ్గురు స్కూలు మార్చే ఆలోచనలో ఉన్నారు. టీసీ ఎలా తెచ్చుకున్నారు, మతం గొడవ ఏమీ లేదా, పిల్ల అలవాటు పడిందా అని నన్నే అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసేస్తే మేలని కూర్చున్నాను.

మాది శ్రీకాకుళం. మా ఆయనకి పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను, జాకెట్లు, పిల్లల గౌన్లు, చీరలకి ఫాల్, పీకో. పాప ఒకటో తరగతి దాకా వేరే ప్రైవేటు స్కూల్లో చదివింది, దాని పేరు ఇక్కడ ఎందుకులెండి. రైమ్స్ గడగడా అప్పజెప్పేది, వర్క్‌బుక్కుల నిండా స్టార్లే. బాగా చదువుతోందనే అనుకున్నాం. పోయినేడాది సంక్రాంతికి మా అమ్మ వాళ్ళ ఊరు వెళ్తూ ఆమదాలవలసలో రైలు కోసం కూర్చున్నప్పుడు, ఆ పసుపు బోర్డు మీద ఏముందో చదువమ్మా అన్నాను. టక్కున "ఆమదాలవలస" అంది. ఊరు ఆమదాలవలసే గానీ స్టేషను బోర్డు మీద ఉండేది శ్రీకాకుళం రోడ్ అని. తెలుగులో ఉంది, ఇంగ్లీషులో ఉంది, రెండూ చదవలేదు, విన్న మాట చెప్పేసింది. మళ్ళీ చూడమంటే నా మొహం వైపు చూసింది. రైలెక్కాక కూడా నాకు అదే బెంగ. ఏడేళ్ళ పిల్ల, అక్షరం చూడకుండా పెద్దవాళ్ళ మొహం చూసి జవాబు వెతుక్కోవడం నేర్చుకుంది.

సిస్టర్ల బడి సంగతి నాకు జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ చెప్పింది, వాళ్ళ పాప అక్కడే ఐదో తరగతి. మా ఆయన సరేనన్నాడు. మా అత్త ఒప్పుకోలేదు. "ఏటే, గుంటని సిస్టర్ల బడిలో ఏస్తారా? రేపు బొట్టెట్టుకోనిస్తారా? గాజులేసుకోనిస్తారా? నానైతే అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుని కన్న పిల్లని వొగ్గను" అని రెండ్రోజులు అన్నం దగ్గర కూడా అదే మాట. నాకూ లోపల భయం లేకపోలేదు. ఎవరినీ ఏమీ అడక్కుండా తేల్చుకునే విషయం కాదనిపించి మా తమ్ముడికి ఫోన్ చేశాను, వాడు గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. రాజ్యాంగంలో 28వ అధికరణం చూడక్కా అన్నాడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్లో, తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఏ పిల్లనీ మతబోధలో కూర్చోబెట్టడానికి లేదట. విద్యాహక్కు చట్టం కింద ఒకటో తరగతిలో ఇచ్చే 25 శాతం ఉచిత సీట్ల గురించి కూడా అడిగాను, ఎందుకంటే మా చిన్నదానికి వచ్చే ఏడాది పనికొస్తుందేమోనని ఆశ. అది ఇలాంటి క్రైస్తవ కాన్వెంట్లలాంటి మైనారిటీ స్కూళ్ళకి వర్తించదు, 2014లో సుప్రీంకోర్టు తీర్పు అని వాడే చెప్పాడు. కాబట్టి ఆ ఆశతో కాన్వెంటుకి వెళ్ళేవాళ్ళు ఇది ముందే తెలుసుకోండి.

అడ్మిషన్ రోజు పాపకి టెస్టు పెడతారని నేను రాత్రంతా టేబుల్స్ చదివించాను, పిల్లకీ టెన్షన్, నాకూ టెన్షన్. టెస్టేమీ లేదు. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌ది కేరళ, కానీ ఇరవై ఏళ్ళకి పైగా ఈ జిల్లాల్లోనే ఉన్నారట, తెలుగు బాగా మాట్లాడతారు. పాపని "ఇంట్లో నీకు బాగా ఇష్టమైన పని ఏంటమ్మా" అని అడిగారు. "అమ్మ కింద పడేసిన గుడ్డముక్కలు ఏరి పెడతాను" అంది. ఆవిడ ఆ మాట కాగితం మీద రాసుకున్నారు. నన్ను అడిగింది ఒక్కటే: రాత్రి భోజనం అందరూ కలిసి తింటారా? మా ఆయన షిఫ్టుల వల్ల కుదరదని చెప్పాను. కుదిరిన రోజు మాత్రం టీవీ ఆపి తినండి అన్నారు. ఆ గదిలో గోడ మీద జోజప్పగారి పటం ఉంది, చేతిలో చిత్రిక. ఏసుక్రీస్తుని పెంచిన తండ్రి వడ్రంగి అని నాకు అప్పటిదాకా తెలియదు. చేతిపని చేసుకునే మనిషిని ఆఫీసు గదిలో అంత ఎత్తున పెట్టుకున్నారంటే మిషన్ కుట్టుకునే నాకు అక్కడ ధైర్యంగా అనిపించింది.

అసలు చిక్కు టీసీ దగ్గర వచ్చింది. పాత స్కూలుకి ఫీజు మొత్తం కట్టాం, రసీదులన్నీ ఉన్నాయి. అయినా ముందుగా చెప్పలేదు కాబట్టి వచ్చే ఏడాది ఫీజులో కొంత కట్టాలన్నారు. వారం రోజులు తిప్పారు. ఈలోపు ఇంకో సంగతి తెలిసింది, స్కూలు మార్చేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. కాగితం టీసీ ఒక్కటే చాలదు. యూడైస్ అని ఆన్‌లైన్‌లో ప్రతి పిల్లకీ ఒక నంబరుతో రికార్డు ఉంటుంది, పాత స్కూలు వాళ్ళు ఆ రికార్డుని డ్రాప్ బాక్స్‌లోకి వదలాలి, అప్పుడే కొత్త స్కూలు వాళ్ళు తమ దాంట్లోకి తీసుకోగలరు. వదలకపోతే పిల్ల ఇక్కడ కూర్చుని చదువుతున్నా రికార్డులో మాత్రం అక్కడే ఉంటుంది. సిస్టర్ ఏమీ కంగారు పడలేదు. "పిల్లని జూన్ పన్నెండో తారీఖున పంపించండి, కాగితాలు వాటి దారిన అవే వస్తాయి" అన్నారు. నేను రసీదుల జిరాక్సులు పెట్టి ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అర్జీ ఇచ్చాను. అక్కడి గుమాస్తా నా ముందే ఆ స్కూలుకి ఫోన్ చేశారు. మూడో రోజుకి టీసీ వచ్చింది, డ్రాప్ బాక్స్ కూడా అయిపోయింది. రసీదులు పారేయకండి, చిన్న చీటీ అయినా సరే.

జూన్‌లో, బడికెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు 13,000 పడ్డాయి. ఫీజు మొదటి కంతు, పుస్తకాలు, బూట్లు పోను యూనిఫాం ఒక జతకే మిగిలింది. రెండో జతకి కూడా గుడ్డ కొనుక్కుంటే నేనే కుట్టేస్తాను కదా అనుకున్నాను గానీ ఆ గుడ్డ కొనడానికే లేదు. సిస్టర్‌తో ఆ మాట అన్నానో లేదో గుర్తులేదు, రెండో రోజు పాప సంచిలో ఇంకో జత మడిచి ఉంది. ఇస్త్రీ చేసి, గుండీలన్నీ సరిగ్గా ఉండి, చూడ్డానికి కొత్తదే. కానీ కుట్టేవాళ్ళ కంటికి దాగదు. స్కర్టు అంచు తిరగేసి చూస్తే పాత మడత గీత కొంచెం వెలిసి కనిపించింది, సూది పడిన చుక్కల వరస కనిపించింది. ఎవరో పొడుగెదిగిన పిల్ల వేసుకున్నది, మడత విప్పి మళ్ళీ పైకి కుట్టారు. చొక్కా కాలరు లోపల ఏవో అక్షరాలు దారంతో కుట్టి తీసేసిన ఆనవాలు కూడా ఉంది. మనసు చివుక్కుమంది. మనకి పాతబట్టలిచ్చే పరిస్థితి వచ్చిందా అని మా ఆయనతో అన్నాను, ఆయనేమీ మాట్లాడలేదు. పాపకి చెప్పలేదు.

మతం విషయం ఎక్కువ రాయక్కర్లేదు, అంత ఉంది కూడా కాదు. ఒక ఫారం ఇచ్చారు. కాథలిక్ పిల్లలకి సత్యోపదేశం, అంటే వాళ్ళ మతం పాఠాల తరగతి, మిగిలినవాళ్ళకి అదే పీరియడ్లో నీతిబోధ, ఏది కావాలో తల్లిదండ్రులు టిక్ పెట్టి సంతకం చేయాలి. మేం నీతిబోధకి పెట్టాం. పొద్దున ప్రేయర్లో అందరూ నిలబడతారు, మా పాప చేతులు జోడించి నిలబడుతుంది. బొట్టు పెట్టుకునే వెళ్తోంది, గాజులు మాత్రం ఆటల్లో పగిలి గుచ్చుకుంటాయని ఏ పిల్లనీ వేసుకోనివ్వరు.

చదువు సంగతికొస్తే, మొదటి నెలన్నర పాప నోరు విప్పలేదు. ఇక్కడ స్టార్లు లేవు, ర్యాంకులు లేవు, జవాబు తెలియకపోతే టీచరు మొహం చూస్తూ నిలబడేది. టీచరు నన్ను పిలిచి, దీనికి తెలుగు గుణింతాలే సరిగా రావమ్మా, ముందు అవి వస్తే ఇంగ్లీషు వెనకే వస్తుంది, ఇంట్లో మాత్రం మీ మాటలోనే మాట్లాడండి, మీ అత్తగారి మాటలో మాట్లాడినా మంచిదే అన్నారు. ఇంగ్లీషు కోసమే కదా కాన్వెంటు అని వెళ్ళిన నాకు అది వింతగా తోచింది. ఆ బడిలో రెండో తరగతి పిల్లలకి ఐదో తరగతి నుంచి ఒక్కొక్క అక్కనో అన్ననో జతచేస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు వరండాలో జంటలుగా కూర్చుని పెద్దది చదివితే చిన్నది వింటుంది, తర్వాత చిన్నది చదివితే పెద్దది వింటుంది. తప్పు చదివితే దిద్దకూడదు, మళ్ళీ చదవమనాలి, అంతే నియమం. మా పాపకి దొరికిన అక్క కళింగపట్నం వైపు నుంచి వచ్చి ఊళ్ళో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్న పిల్ల, వాళ్ళ నాన్న చేపల వేటకెళ్తాడు. ఆ పిల్ల ఓపిక చెప్పలేను. ఒకరోజు తొందరగా వెళ్ళి గేటు దగ్గర నుంచి చూశాను, మా పాప "కృ" దగ్గర ఆగిపోయింది, ఆ పిల్ల ఏమీ అనకుండా తన వేలు ఆ అక్షరం కింద పెట్టి అలాగే ఉంచింది, ఎంతసేపో. మా పాప వేలు వైపు చూసింది, ఆ పిల్ల మొహం వైపు చూడలేదు. చదివింది. నేను లోపలికి వెళ్ళకుండా అక్కడే నిలబడిపోయాను.

దసరా సెలవులయ్యాక క్రిస్మస్ నాటకానికి దేవదూతల బట్టలు కుట్టాలి, వచ్చే తల్లులెవరని కబురొచ్చింది. శనివారాలు వెళ్ళడం మొదలుపెట్టాను. వరండాలో రెండు మిషన్లు, ఐదారుగురం. ఒకావిడ భర్తది పళ్ళ బండి, ఒకావిడ నర్సు, ఒకావిడ వాళ్ళది పెద్ద బట్టల షాపు, కాజాలు కుట్టడం రాకపోతే నా దగ్గర కూర్చుని నేర్చుకుంది. అప్పుడే ఆ బీరువా చూశాను. ప్రతి మార్చిలో పిల్లలకి పొట్టయిపోయిన యూనిఫాంలు ఉతికి తెచ్చి ఇస్తారు, తల్లులం చిరుగులు కుట్టి, గుండీలు వేసి, కాలరు లోపలి పేరు అక్షరాలు విప్పేసి, సైజుల వారీగా సర్దుతాం. అక్షరాలు ఎందుకు విప్పాలంటే ఎవరిది ఎవరికి వెళ్ళిందో పిల్లలకి తెలియకూడదని. అందులోంచి ఎవరైనా తీసుకోవచ్చు, అడిగేవాళ్ళు లేరు, రాసే పుస్తకం లేదు. బట్టల షాపు ఆవిడే తన కొడుక్కి ఒక నిక్కరు తీసుకుని సంచిలో వేసుకుంది, "వీడు నెలకో అంగుళం పెరుగుతున్నాడు వదినా" అంటూ. జూన్‌లో నాకు చివుక్కుమన్న సంగతి గుర్తొచ్చి ఆ రోజు చాలాసేపు తల ఎత్తలేకపోయాను. సిస్టర్‌కి అర్థమైందో ఏమో, టీ గ్లాసు మిషన్ మీద పెట్టి వెళ్ళారు.

మా అత్త ఎలా మారిందో కూడా చెప్పాలి. ఫిబ్రవరిలో శివరాత్రి ఆదివారం వచ్చింది, అత్త ఉపవాసం, జాగరణ. బుధవారం పాప బడి నుంచి వచ్చి "నాన్నమ్మా, మా క్లాసులో కొంతమందికి ఈరోజు నుదుటి మీద విభూది పెట్టారు, సిలువలాగ" అంది. "ఈళ్ళకీ విభూది ఉందా!" అని అత్త పడుకున్నది లేచి కూర్చుంది. ఆ రోజు విభూది బుధవారం, ఈస్టరు ముందు వాళ్ళ తపస్సుకాలం మొదలు. పోయినేడాది మట్టల ఆదివారం (ఈస్టరుకి ముందు ఆదివారం) నాటి ఆకులు కాల్చి ఆ బూడిద చేస్తారట. అదే వారంలో రంజాన్ నెల కూడా మొదలైంది. టీచరు క్లాసులో ఉపవాసం మీద ఒక పీరియడ్ మాట్లాడించారు. పళ్ళ బండి వాళ్ళ బాబు వాళ్ళ అమ్మ తెల్లారకముందు లేచి వండే సంగతి చెప్పాడు, ఒక కాథలిక్ పిల్ల నలభై రోజులు చాక్లెట్టు మానేశానంది, మా పాప నాన్నమ్మ రాత్రంతా నిద్రపోకుండా పురాణం విన్న సంగతి చెప్పింది. శుక్రవారాలు ఇష్టమున్నవాళ్ళు పిడికెడు బియ్యం తెచ్చి వరండాలో డబ్బాలో వేయాలి, అవి ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకి వెళ్తాయి. ఆ పిడికెడు మా అత్తే కొలిచి ఇచ్చేది. పిల్ల పిడికిలి చిన్నదని తన పిడికిలితో పోసేది.

తర్వాత ఒక రోజు పాపని దింపడానికి తనే వెళ్ళి సిస్టర్‌తో అరగంట మాట్లాడి వచ్చింది. వీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగిందట. 1846లో ఫ్రాన్సులో అనెసీ అనే ఊరి నుంచి ఫాదర్లు విశాఖపట్నం వచ్చారని, మూడేళ్ళకి సిస్టర్లు వచ్చి ఆడపిల్లలకి చదువు చెప్పారని, విశాఖ మేత్రాసనం (ఒక బిషప్పు కింద ఉండే చర్చిల ప్రాంతం) నుంచి 1993లో శ్రీకాకుళం వేరే మేత్రాసనం అయిందని సిస్టర్ చెప్పారట. అత్తకి సంవత్సరాలు గుర్తులేవు, నేను తర్వాత అడిగి రాసుకున్నాను. అత్తకి గుర్తున్నది వేరు. "గుడంటారు, పూజంటారు, జపమాలంటారు, విభూదంటారు. మాటలన్నీ మనవేనే" అంది.

ఇప్పుడు పాప చదువుతోంది. పేపర్లో పెద్దక్షరాలు, బస్సు మీద ఊరి పేర్లు, బియ్యం బస్తా మీద రాసింది. కొన్ని తప్పు చదువుతుంది, ఆగి మళ్ళీ చూస్తుంది, అక్షరాన్నే చూస్తుంది. లెక్కల్లో ఇంకా వెనకే ఉంది, ఆ బెంగ నాకుంది.

నిన్న రాత్రి యూనిఫాంలు బయటికి తీశాను. పాప మూడంగుళాలు ఎదిగింది. నేను కుట్టిన జత అంచు విప్పితే వచ్చే ఏడాదికి వస్తుంది, లోపల గుడ్డ వదిలే కుట్టాను. ఆ రెండో జత స్కర్టుకి ఇక దించడానికి గుడ్డ లేదు. ఉతికి, నడుం దగ్గర కొత్త హుక్కు వేసి, చొక్కా కాలరు లోపల నేను కుట్టిన పాప పేరు అక్షరాలు సూదితో ఒక్కొక్క కుట్టూ విప్పాను. దాని కిందే పాత అక్షరాల చుక్కలు ఇంకా ఉన్నాయి. పాప పక్కన కూర్చుని దారం ముక్కలు ఏరుతూ "ఇది ఎవరికమ్మా" అంది. తెలియదన్నాను. "ఐతే గుండీలు గట్టిగా కుట్టు" అంది.

శనివారం తీసుకెళ్ళాలి. ఈసారి చిన్న సైజు స్కర్టులు తక్కువున్నాయట, ఎవరి దగ్గరైనా ఉంటే నాకు ఇవ్వండి, చిరిగినా పరవాలేదు.