పాత బ్యాండ్‌సా కొన్నాక: బేరింగులు, పుల్లీలు, టేబుల్ తుప్పు

చెన్నైలో ప్యారీస్ కార్నర్ వైపు సెకండ్‌హ్యాండ్‌ 14 అంగుళాల (చక్రం వ్యాసం) బ్యాండ్‌సా, అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం, దొరికితే, రంగు చూసి బేరం ఆడకండి. బ్లేడూ బెల్టూ తీయించి రెండు చక్రాలనూ చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగులు పోయినట్టే, అది చిన్న ఖర్చు. చక్రమే పగిలి ఉంటే మాత్రం వదిలేయండి.

బేరింగ్ నంబరు దాని మీదే ఉంటుంది. 6204 అంటే లోపలి వ్యాసం 20, బయటిది 47, మందం 14 మిల్లీమీటర్లు. పొట్టు దూరకుండా రెండువైపులా రబ్బరు సీలున్న 2ఆర్‌ఎస్ రకమే అడగండి. అసలు తప్పు బిగించేటప్పుడు జరుగుతుంది. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగునే తట్టాలి. బయటి రింగు మీద సుత్తి పడితే ఆ దెబ్బంతా గోళీల గుండా పోయి, అవి దొర్లే గాడిలో సన్నటి గుంటలు పడతాయి. కొత్త బేరింగే మోత మొదలెడుతుంది. లోపలి రింగుకు సరిపడే పైపు ముక్క పెట్టి కొడితే ఈ బాధ ఉండదు.

చక్రాల రబ్బరు టైరు గోటికి పెళుసుగా తగిలితే మార్చేయండి.

1440 ఆర్‌పీఎమ్ మోటారుకు 3 అంగుళాల పుల్లీ, కింది చక్రానికి 6 అంగుళాలది వేస్తే చక్రం 720 తిరుగుతుంది. బ్లేడు నిమిషానికి దాదాపు 800 మీటర్లు పరుగెడుతుంది, చెక్కకు చాలు.

మన ఉప్పుగాలికి పోత ఇనుము టేబుల్ ఊరికే తుప్పు పడుతుంది. కిరోసిన్‌తో స్కాచ్‌బ్రైట్ రుద్ది, పొడిగా తుడిచి, పేస్ట్ వ్యాక్స్ పట్టించండి. నూనె వద్దు, చెక్కకు మరకలవుతాయి.

చివరగా గైడ్లు, అంటే బ్లేడు పక్కకు ఒరగకుండా ఆపేవి. పక్కవాటికీ బ్లేడుకీ మధ్య కాగితం మందం సందు ఉంచండి, పళ్లకు మాత్రం తగలకూడదు. ప్లగ్గు పీకాకే ఇదంతా.