చార్టు మీద 2035 అని రాసింది నేనే

మా బళ్ళో ల్యాబ్ బీరువా మీద ఒక పాత చార్టు ఉంది, 2008లో సైన్స్ ఫెయిర్‌కని చేయించింది, థర్మాకోల్ షీటుకి అతికించి. నీలం స్కెచ్ పెన్నుతో హిమాలయాలు, కింద ఎర్రక్షరాల్లో "2035 నాటికి మంచు మొత్తం మాయం!" అని. బొమ్మ పిల్లలది, రాత నాది, చివర్లో ఆ ఆశ్చర్యార్థకం కూడా నాదే. ఆ మాట తప్పు. తప్పని తెలీక ఇన్నేళ్ళూ క్లాసులో చెప్తానే ఉన్నా, మొన్న తొమ్మిదో తరగతి పిల్లోడు పట్టేశాడు.

నేను కావలి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో పీఎస్ (ఫిజికల్ సైన్స్) చెప్తాను. శనివారం సాయంత్రం పిల్లల చేత డిబేట్ పెట్టిద్దామని "భూమి వేడెక్కడానికి కారణం మనిషేనా" అని టాపిక్ ఇచ్చా, అటు ముగ్గురు ఇటు ముగ్గురు. (ఈ టాపిక్ డిబేట్‌కి ఇవ్వడమే పొరపాటని ఇప్పుడనిపిస్తా ఉంది, గుండె రక్తాన్ని పంపు చేస్తుందా లేదా అని డిబేట్ పెడతామా ఎక్కడన్నా? చెరో అయిదు నిమిషాలు ఇచ్చేసరికి రెండు పక్కలా సమానంగా విషయం ఉందని పిల్లలు అనుకుంటారు. సరే, ఇచ్చేశా.)

అవును అనే పక్క పాప లేచి 2021 నవంబర్‌లో పెన్నా వరద గురించి చెప్పింది, సోమశిల నుంచి నీళ్ళు వదలడం, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోవడం, ఇదంతా గ్లోబల్ వార్మింగ్ వల్లేనని. చప్పట్లు కొట్టారు. కాదు అనే పక్క పిల్లోడు లేచి, "మా తాత 89 గాలివాన చూశాడు, మన కావలి మీదనే తీరం దాటింది, అంత గాలి మళ్ళీ రాలేదంటాడు, మరి అప్పుడు ఎవరు వేడి చేశారు భూమిని?" అన్నాడు. వాడికీ చప్పట్లే. నిజం చెప్పాలంటే ఇద్దరూ ఒకే తప్పు చేశారు, ఒక్క వరదనో ఒక్క తుఫానునో పట్టుకుని ఏదీ తేలదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, కాబట్టి పడినప్పుడు గట్టిగా పడే అవకాశం పెరుగుతుంది, అంతవరకు చెప్పొచ్చు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాలు చూస్తా పెరిగిన మన నెల్లూరోళ్ళకి వాన కొత్త కాదు కదా.

వాడు అంతటితో ఆగలా. జేబులోంచి ప్రింటవుట్ తీశాడు, 31 వేల మంది సైంటిస్టులు గ్లోబల్ వార్మింగ్‌కి సరైన సాక్ష్యం లేదని సంతకం పెట్టారని. ఎవరిచ్చారురా అంటే లెక్కల సార్ అన్నాడు. ఆ తర్వాత బీరువా వైపు చెయ్యి చూపించి, "సార్, ఆ 2035 తప్పని వాళ్ళే ఒప్పుకున్నారంట కదా సార్" అన్నాడు.

నాకు చెవులు వేడెక్కినాయి. "ఎవడ్రా చెప్పింది" అని గట్టిగా అనేశా, క్లాసంతా గమ్మునైపోయింది. అనకుండా ఉండాల్సింది.

ఇంటికొచ్చి భోజనం చేసి కూర్చున్నా. వాడు చెప్పింది నిజమే. ఐపీసీసీ అంటే ఐక్యరాజ్యసమితి వాళ్ళ వాతావరణ మార్పు సంఘం, వాళ్ళ 2007 రిపోర్టులో, ప్రభావాల గురించి చెప్పే రెండో భాగంలో, ఆసియా చాప్టర్లో ఆ ముక్క ఉంది. వాళ్ళకి అది ఎక్కడిది అంటే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ వాళ్ళ 2005 రిపోర్టు. వాళ్ళకెక్కడిది అంటే 1999లో న్యూ సైంటిస్ట్ పత్రికలో వచ్చిన ఒక ఇంటర్వ్యూ. అంటే కొలిచినవాళ్ళ పేపరు ఎక్కడా లేదు, ఆ నోటా ఈ నోటా పడి రిపోర్టుకెక్కింది, దాన్నించి న్యూస్ పేపర్లకి, పేపర్ల నుంచి నా చార్టుకి. విచిత్రమేందంటే అదే రిపోర్టు మొదటి భాగంలో, మంచు మీద పనిచేసేవాళ్ళు రాసిన చాప్టర్లో, ఈ 2035 లేనే లేదు. 2009 నవంబర్‌లో వి.కె. రైనా అనే రిటైర్డ్ జీఎస్ఐ (జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) ఆఫీసర్ రాసిన పేపర్ ఒకటి మన కేంద్ర పర్యావరణ శాఖ బయటపెట్టి హిమానీనదాలు అంత గబగబా కరగడం లేదంటే, అప్పటి ఐపీసీసీ చైర్మన్ పచౌరీ గారు దాన్ని "ఊడూ సైన్స్" అన్నారు, మన భాషలో చేతబడి సైన్స్ అన్నట్టు. మూడు నెలలు తిరక్కుండానే, 2010 జనవరిలో, ఐపీసీసీ ఆ పేరా తప్పని విచారం వ్యక్తం చేసింది. హిమానీనదాలు కరగడం అబద్ధం కాదు, ఆ తేదీ అబద్ధం. నేను చదివే పేపర్లో ఆ రెండో వార్త వచ్చిందో, వచ్చినా నేను పేజీ తిప్పేశానో.

తర్వాత ఆ 31 వేల సంగతి చూశా. 1998లో అమెరికాలో ఒరెగాన్ పిటిషన్ అని మొదలైంది. దాంతోపాటు పంపిన వ్యాసాన్ని అచ్చం నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ళ జర్నల్ పేజీ మాదిరే సెట్ చేశారు, పైన ఉత్తరం రాసింది ఫ్రెడరిక్ సైట్జ్, ఆయన 1960లలో అదే అకాడమీకి ప్రెసిడెంటు. చూసినోడు అకాడమీయే పంపిందనుకోడా? అకాడమీ వాళ్ళు ఆ ఏడాదే మాకూ దీనికీ సంబంధం లేదని ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇక సంతకాలంటారా, సైన్సులోనో ఇంజనీరింగ్‌లోనో డిగ్రీ ఉంటే చాలు. నేను అమెరికాలో ఉండుంటే నా బీఎస్సీతో నేనూ ఆ 31 వేలలో ఒక సైంటిస్టునే. వాళ్ళ లిస్టులోనే వాతావరణ శాస్త్రం మా సబ్జెక్టు అని చెప్పుకున్నవాళ్ళు 39 మంది.

ఇక్కడే నాకు కాస్త కష్టమైంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినవాళ్ళకి తెలుసు, స్ఫటికాల పాఠంలో విగ్నర్-సైట్జ్ సెల్ అని వస్తుంది, ఆ సైట్జే ఈయన. చిన్నాచితకా మనిషి కాదు. పెద్దవాడు చెప్పాడు కదా అని నమ్మాలంటే ఈయన్ని కూడా నమ్మాలి. కానీ ఆయన పేరు ఘనపదార్థాల ఫిజిక్స్‌లో, వాతావరణంలో కాదు, పైగా రిటైరయ్యే టైములో ఆర్.జె. రేనాల్డ్స్ సిగరెట్ కంపెనీకి సలహాదారుగా ఉన్నాడు.

సోమవారం లీజర్ పీరియడ్‌లో లెక్కల సార్ ఎదురుగా కూర్చుని ఇదంతా చెప్పా. ఆయన టీ తాగుతా తాగుతా, "ఏంది సార్, మీ ఐపీసీసీకి గవర్నమెంట్లు డబ్బులియ్యడం లేదా? సిగరెట్ కంపెనీ ఇస్తే తప్పు, వీళ్ళు ఇస్తే ఒప్పా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే, మనిషిని కొట్టిపారేయలేం. నేను చెప్పింది ఏందంటే, ఐపీసీసీ సొంతంగా పరిశోధన చెయ్యదు, ఉన్న పేపర్లు చదివి రాస్తుంది, రాసేవాళ్ళకి అది జీతం ఇయ్యదు, 2021 రిపోర్టు మొదటి భాగానికి 234 మంది రాస్తే రివ్యూలో 78 వేల కామెంట్లు వచ్చినాయి, ప్రతిదానికీ రాతపూర్వకంగా జవాబు చెప్పి ఆ కామెంట్లూ జవాబులూ బయట పెట్టారు. "మన పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్‌లో రీవెరిఫికేషన్ కన్నా ఘోరం కదా సార్" అన్నాడాయన. నవ్వాం. "అంత చేసీ 2035 ఎట్టా వదిలేశారు మరి?" అని మళ్ళీ ఆయనే. దానికి నా దగ్గర గొప్ప జవాబేం లేదు, వదిలేశారు, తర్వాత పట్టుకుంది కూడా హిమానీనదాల మీద పనిచేసేవాళ్ళే, ఒప్పుకుని దిద్దారు. 31 వేల లిస్టు మాత్రం 98లో అకాడమీ కాదన్నాక కూడా మన స్టాఫ్ గ్రూపు దాకా వచ్చింది కదా అన్నా. గ్రూపులో పెట్టింది ఆయనే, అందుకే కప్పు కింద పెట్టి బెల్లు కొట్టారా అని అడిగాడు. ఇంకా కొట్టలా.

ఇది మన బడికే పరిమితమైన గొడవ కాదు. 2017లో హార్ట్‌ల్యాండ్ ఇన్‌స్టిట్యూట్ అనే అమెరికా సంస్థ అక్కడి సైన్స్ టీచర్లకి పోస్టులో పుస్తకాలు పంపింది, సైంటిస్టుల్లో ఏకాభిప్రాయం లేదని చెప్పే పుస్తకం, మొదట 25 వేల మందికి, మొత్తం 2 లక్షల మందికి పంపాలని ప్లాను. వెనకటికి ఇదే సంస్థ ఫిలిప్ మోరిస్ కంపెనీతో కలిసి పక్కవాళ్ళు తాగే సిగరెట్ పొగతో ప్రమాదం గురించి అనుమానాలు లేపింది. నీట్‌గా బైండింగ్ చేసిన పుస్తకం ఊరికే వస్తే నేనైతే ల్యాబ్‌లో పెట్టుకునేవాణ్ణే, లైబ్రరీ గ్రాంటు ఎప్పుడొస్తుందో తెలీని బడి మాది.

స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2019లో 3,446 మంది హైస్కూల్ పిల్లలకి ఒక వాతావరణ వెబ్‌సైట్ చూపించి ఇది నమ్మదగిందేనా అని అడిగారు. దాని వెనక బొగ్గు, ఆయిల్ కంపెనీల సంబంధాలున్నాయి, 96 శాతం పిల్లలు ఆ సంగతే పట్టించుకోలా. సైటు బాగుందా, గ్రాఫులున్నాయా అని అక్కడక్కడే తిరిగారంట. వృత్తిగా ఫ్యాక్ట్ చెకింగ్ చేసేవాళ్ళు మాత్రం ఆ పేజీ చదవడం ఆపేసి బయటికొచ్చి, వీళ్ళ గురించి వేరేవాళ్ళు ఏమంటున్నారో ముందు చూస్తారంట. నేను పిల్లలకి ఇన్నేళ్ళూ జాగ్రత్తగా చదవండిరా అనే చెప్పా. ముందు పేజీ మూసెయ్యండిరా అని చెప్పాలని ఎవరికి తడుతుంది?

ఆ తర్వాతి శనివారం డిబేట్ పెట్టలా. క్లాసులో ఉన్న ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్ స్క్రీన్) మీద పిటిషన్ పేజీ తెరిచి, చదవొద్దు, ఇది ఎవరిదో అయిదు నిమిషాల్లో కనుక్కోండి అన్నా. తర్వాత నా చార్టు కిందికి దించి దాన్నీ అట్నే చెయ్యమన్నా. రెండోదాంట్లో పిల్లలకి ఉత్సాహం ఎక్కువైపోయింది, సార్ తప్పు దొరికితే ఎవరికైనా అంతే. ఆ పిల్లోడికి ముందురోజే సారీ చెప్పా, వాడు సిగ్గుపడి పరవాలేదు సార్ అని పారిపోయాడు.

చార్టు పారెయ్యలా. 2035ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పక్కన వేరే అంకె ఏదీ రాయకుండా మళ్ళీ బీరువా ఎక్కించా. నిన్న దుమ్ము దులుపుతా చూస్తే, కొట్టేసినదాని కింద ఎవడో పెన్సిల్‌తో చిన్నగా "ఎవరు చెప్పారు?" అని రాసున్నాడు. ఆ చేతిరాత నాకు తెలుసు. చెరపలా.