ఏడో ఆకు

మా చిన్నాన్న ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసేవాడు. 1987లో రథసప్తమికి శ్రీకాకుళం వచ్చినప్పుడు వెంట కెమెరా తెచ్చాడు. ఆ రోజు పెరట్లో తీసిన ఫొటో, ఈ ఏడు సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే పాత పంచాంగం మధ్యలో దొరికింది. తాతయ్య నులకమంచం మీద కూర్చున్నాడు. వెనక నాన్న, అమ్మ, మేనత్త. ముందు తడి తలలతో వణుకుతూ పిల్లలం. నా నెత్తిన జిల్లేడాకు ఇంకా అలాగే ఉంది.

ఎడమ అంచున పిడకల పొగ. ఆ పొగలోంచి ఒక చెయ్యి, దానికి రెండు మట్టిగాజులు, చేతిలో చెరకుముక్క. అది మా మామ్మ. పరమాన్నం అడుగంటకుండా చెరకుతో కలుపుతోంది.

ఆమెకున్న ఫొటో అదొక్కటే. పెద్దకర్మ రోజున పటం కట్టించడానికి ఇల్లంతా వెతికాం, దొరకలేదు. పండగల్లో, పెళ్లిళ్లలో ఫొటోలు తీసినప్పుడల్లా ఆమె పొయ్యి దగ్గరే ఉంది. రావద్దని ఎవరూ అనలేదు గానీ, ‘మామ్మా, నువ్వూ రా’ అని పిలవాలని మాకెవరికీ తోచలేదు.

రథసప్తమి స్నానానికి ‘యద్యజ్జన్మ కృతం పాపం’ అందరికీ నోటికి వస్తుంది. చాలామంది అంతటితో చెంబు దించేస్తారు. ఇప్పుడు ఆ మాత్రం కూడా కనిపించడం లేదు. ఆకులు నెత్తిన పెట్టుకుని ఫోను వైపు చూసి నవ్వి, ఆ ఫొటో పదిమందికీ పంపితే పండగ అయిపోయినట్టే. నాకు కోపం వస్తుంది. ఎండ ఎక్కాక చేసిన స్నానానికి అరుణోదయ స్నానమని పేరు పెట్టుకోవడం ఎవరిని నమ్మించడానికి? తర్వాతి శ్లోకం దాకా వెళ్లండి:

ఏతజ్జన్మకృతం పాపం యచ్చ జన్మాంతరార్జితం
మనోవాక్కాయజం యచ్చ జ్ఞాతాజ్ఞాతే చ యే పునః

లెక్కపెట్టి చూడండి. ఈ జన్మలోది, వెనకటి జన్మలది, మనసుతో, మాటతో, ఒంటితో చేసినవి, తెలిసి చేసింది, తెలియక చేసింది. మొత్తం ఏడు. ‘ఇతి సప్తవిధం పాపం’ అని ఆ పై శ్లోకమే తేల్చి చెబుతుంది. నెత్తిన ఒకటి, భుజాల మీద రెండు, మోకాళ్ల మీద రెండు, పాదాల మీద రెండు ఆకులు పెట్టుకునేటప్పుడు నేను ఒక్కో ఆకుకు ఒక్కో పాపం తలుచుకుంటాను. ఆరు ఆకుల దాకా ఏదో ఒకటి గుర్తొస్తుంది. ఏడోదాని దగ్గర ఆగిపోతాను. తెలియక చేసినదాన్ని ఏమని తలుచుకోను?

ఎన్నో ఏళ్లు ఆ మాటను ఊరికే చదివేశాను. ఈ ఫొటో చూశాక దాని బరువు తెలిసింది. మామ్మను మేం తిట్టలేదు, కొట్టలేదు, ఆకలికి మాడ్చలేదు. మా లెక్కలో ఆమె విషయంలో ఏ పాపమూ లేదు. ఆ లెక్కే తప్పు. అందుకే ఈ శ్లోకాన్ని సూర్యుడి ఎదుట చెప్పుకోమన్నారు. ఆయన కర్మసాక్షి. నాకు తెలియనిది ఆయనకు తెలుసు. ఏటా మార్చిలో, అక్టోబరులో అరసవల్లి గర్భాలయం లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకే కిరణాలకు మా పెరటి పొగ ఏపాటి అడ్డు? కెమెరాకు అందని ఆ ముఖాన్ని ఆయన రోజూ చూశాడు.

చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టాక మేమంతా నడుచుకుంటూ అరసవల్లి వెళ్లేవాళ్లం. రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ‘మీరు వెళ్లి రండి, ఇల్లు చూసుకుంటాను’ అనేది మామ్మ. ఆ మాటను ఒక్కసారైనా కాదన్న గుర్తు లేదు నాకు.

అయ్యా, అమ్మా, మీ ఇంట్లోనూ ఒకరు ఉంటారు. అందరికంటే ముందు లేచి చీకట్లోనే స్నానం ముగించి, మీ కోసం పిడకలు రాజేసి, రేగుపళ్లు కడిగి పెట్టేవారు. క్షీరాభిషేకానికి అర్ధరాత్రి నుంచి వరసలో నిలబడండి, నిజరూప దర్శనం చేసుకోండి, కాదనను. వెళ్లేముందు ఆ మనిషిని పొయ్యి దగ్గర నుంచి లేపండి. మీరు కూర్చుని కలపండి. కళ్లు మండితే మండనివ్వండి.

మామ్మ స్నానం మేం లేవకముందే అయిపోయేది. మా అందరి నెత్తిన ఆకులు పెట్టింది ఆమే. ఆమె నెత్తిన ఎవరు పెట్టారో మాకు తెలియదు.

ఈసారి రథసప్తమికి నేనే ముందు లేచాను. స్నానం చేసి పిడకలు రాజేసి, పాలు పొయ్యిమీద పెట్టి అమ్మను లేపాను. అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. తూర్పుముఖంగా పీటమీద కూర్చోబెట్టి పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో ఆకూ పెట్టుకుంటూ వచ్చాను. ఏడోది నెత్తిన పెడుతుంటే అడిగింది:

‘మరి నీకెవరు పెట్టార్రా?’

‘నేనే పెట్టుకున్నానమ్మా.’

‘మీ మామ్మా అంతే, తనే పెట్టుకునేది’ అంది.

చెంబు ముంచి నీళ్లు పోశాను.