పేరు పెట్టి పిలిచే గ్యాలరీ

2022 నవంబర్ 19, శనివారం సాయంత్రం. గచ్చిబౌలి స్టేడియం మెట్లెక్కి గ్యాలరీలోకి వచ్చేసరికి ఎటు చూసినా పసుపు రంగే. బాపు నా భుజం పట్టుకొని అక్కడే నిలబడిపోయాడు. "ఇంతమంది వచ్చిండ్రా బిడ్డా, మనోళ్లు!" అన్నాడు. ఆయనకప్పుడు అరవై ఎనిమిదేళ్లు. కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. షెడ్డు ఫుట్‌బాల్ టీములో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ వైపు డిఫెండర్‌గా ఆడేవాడు. కళ్లజోడు తీసి తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని చుట్టూ చూశాడు.

మన ఫుట్‌బాల్ క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ రంగు పసుపు. అందుకే నేను కూడా ఆ పొద్దున బీరువా అంతా వెతికి పసుపు చున్నీ తీసి వేసుకున్నాను. సీట్లు చూసుకొని కూర్చున్నాక ముందు వరుసలో కుర్రాడొకడు ఎవరినో కేకేసి పిలిచాడు. మలయాళం. వెనక్కి తిరిగి చూస్తే వెనక వరుసలోనూ మలయాళమే. ఆ రోజు ఆట కేరళ బ్లాస్టర్స్‌తో. వాళ్ల రంగు కూడా పసుపే. మేము మనోళ్లనుకున్న వాళ్లలో సగానికి పైగా హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న కేరళ నర్సులు, ఐటీ పిల్లలు. బాపుకు కూడా అర్థమైంది. ఏమీ అనలేదు, సంచిలోంచి బత్తాయి తీసి ఒలవడం మొదలుపెట్టాడు.

వాళ్ల మీద నాకు కోపం లేదు. చెప్పాలంటే ఆ రోజు నేను నేర్చుకున్నదంతా వాళ్ల దగ్గరే. డోలు వాయిస్తూనే ఉన్నారు. బంతి బయటికి పోయినా, ఆటగాడు దెబ్బ తగిలి పడిపోయినా, పాట మాత్రం ఆగలేదు. మా వెనకున్న అమ్మాయి వచ్చీరాని తెలుగులో "అంకుల్, ఏ ఊరు?" అని అడిగింది. కాజీపేట అంటే తెలియలేదు. వరంగల్ అనగానే మొహం విప్పారింది. కేరళ ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుందట, ఊరికి వెళ్లేటప్పుడు ఆ స్టేషన్లో టీ తాగుతుందట. బాపు నాలుగు బత్తాయి తొనలు ఆమె చేతిలో పెట్టాడు.

మొదటి సగంలోనే కేరళ ఆటగాడు డయమాంటకోస్ గోల్ కొట్టాడు. ఆట 0–1తో ముగిసింది.

ఓడిపోవడం కొత్త కాదు. తిరుగు బస్సులో బాపు అన్న మాటే నన్ను ఇన్నాళ్లుగా వదల్లేదు. బస్సు ఆలేరు దాటింది, అర్ధరాత్రయింది. నిద్రపోయాడనుకున్నాను. కిటికీలోంచి చూస్తూనే అన్నాడు: "వాళ్ల పోరగాళ్లకు బంతి దొరికితే పేరు పెట్టి పిలిచిండ్రు బిడ్డా. మన గోలీ రెండు బంతులు మంచిగ ఆపిండు. వాని పేరు పిలిచినోడు లేడు."

కాజీపేట రైల్వే గ్రౌండు తెలిసిన వాళ్లకు ఈ మాటలో ఉన్న బాధ అర్థమవుతుంది. నా చిన్నప్పుడు, తొంభైల్లో, ఆదివారం సాయంత్రం మ్యాచ్ ఉందంటే డీజిల్ కాలనీ క్వార్టర్ల నుంచి జనం నడిచి వచ్చేవాళ్లు. టికెట్టు లేదు, కుర్చీలు లేవు. లైన్ మీద సున్నం ఇంకా తడిగా ఉండగానే దాన్ని ఆనుకొని కూర్చునేవాళ్లం. హాఫ్‌టైమ్‌కు బత్తాయి పళ్లు తీసుకెళ్లడం నా పని. స్టీలు డబ్బాలో తొనలు, పైన కాస్త ఉప్పు. ఆటగాళ్లు చెమట చేతుల్తోనే తీసుకొని, గింజలు అక్కడే ఉమ్మేసి, నా నెత్తి మీద తట్టి వెళ్లేవాళ్లు. అవుట్ లైన్ పక్కన ఉంటే బంతిని తన్నినప్పుడు కింద నేల అదిరేది. లెఫ్ట్ బ్యాక్ ఊపిరి వినపడేది. ఆ లెఫ్ట్ బ్యాక్ మా బాపు కాబట్టి ఆ ఊపిరి నాకు ఇంట్లో కూడా తెలుసు.

అక్కడ ప్రతి ఆటగాడూ ఎవరో ఒకరి కొడుకు, ఎవరో ఒకరి మరిది, ఎవరి క్వార్టరుకో పక్క క్వార్టరు. బంతి పట్టుకుంటే పది గొంతులు పేరు పిలిచేవి. తప్పు చేస్తే కూడా పేరు పెట్టే తిట్టేవాళ్లు. తిట్టించుకోవడంలో కూడా ఒక గౌరవం ఉండేది: నువ్వు ఇంతకంటే బాగా ఆడగలవని మాకు తెలుసు, అనేది ఆ తిట్టులో ఉండేది.

"తెలుగోళ్లకు ఫుట్‌బాల్ పట్టదు, స్టేడియాలు ఖాళీ" అని అంటుంటారు. ఈ మాట వింటే నాకు ఆగదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలుచుకొచ్చింది. ఆ టీమును తయారు చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి శిక్షణలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. బడిలో పాఠాలు చెప్పుకొనే మనిషి ఆయన. బాపు వాళ్ల షెడ్డులో సీనియర్లు ఈ సంగతులు పురాణంలా చెప్పేవాళ్లట.

అయితే ఆ ఆటగాళ్లంతా ఎక్కడ పేరు తెచ్చుకున్నారు? సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు ఆడి, చివరి దాకా బెంగాల్లోనే ఉండిపోయారు. 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశారు. మహమ్మద్ హబీబ్ కలకత్తా పెద్ద క్లబ్బులు మూడింటికీ ఆడారు. 1977లో పెలే కలకత్తా వచ్చి ఆడిన మ్యాచ్‌లో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టారు. అదే 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోయారు. బాపు ఆ రోజు పేపరు మడిచి దేవుడి పటాల పక్కన పెట్టాడు. ఆటగాళ్లు డబ్బు కోసం, ఉద్యోగం కోసం వెళ్లిన మాట నిజమే. కానీ మైదానం నిండా జనం కూర్చొని పేరు పిలుస్తుంటే ఆడాలని ఎవరికి ఉండదు? మనం ఆటగాళ్లను కన్నాం, వాళ్లను పేరు పెట్టి పిలిచే జనాన్ని కలకత్తా కన్నది.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చినప్పుడు అందుకే అంత ఆశ పెట్టుకున్నాం. మొదటి సీజన్లో అట్టడుగున నిలిచినా బాపు ఏమీ అనుకోలేదు. తర్వాత కరోనా. రెండు సీజన్లు లీగు మొత్తం గోవాలోనే ఆడించారు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, అప్పుడు కూడా కేరళతోనే. మనవాళ్లు పాయింట్లలో పైన ఉండటంతో పసుపు జెర్సీ మనకు దక్కింది, కేరళ ఆటగాళ్లు నలుపు నీలం చారలవి వేసుకున్నారు. గ్యాలరీలో పసుపు వాళ్లది, మైదానంలో పసుపు మనది. 1–1, పెనాల్టీల్లో 3–1. మన గోలీ కట్టిమణి మూడు ఆపాడు. మూడోది ఆపినప్పుడు బాపు టీవీకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ గోలీలాగే చాచి ఉన్నాయి. ఆయన అలా నిలబడ్డాడని ఆయనకే తెలియదు.

సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆ ఏడు చాంపియన్ అయ్యారు. కప్పు తెచ్చాక గచ్చిబౌలికి వచ్చారు. అప్పుడైనా గ్యాలరీ మొత్తం మనోళ్లతో నిండిపోవాలి కదా. ఎందుకు నిండలేదో నా లెక్క నాకుంది.

గచ్చిబౌలిది అథ్లెటిక్ స్టేడియం. మనకూ మైదానానికీ మధ్య పరుగుల ట్రాక్ ఉంటుంది. కేక వేస్తే ట్రాక్ దాటేలోపు సగం పలచబడుతుంది. ఆటగాడి మొహం కనిపించదు, వీపు మీద అంకె కనిపిస్తుంది. పేరు తెలియని వాడికి అంకె ఒక్కటే మిగులుతుంది. ఇక మ్యాచ్ రాత్రి ఏడున్నరకు మొదలయ్యేది. అయిపోయేసరికి తొమ్మిదిన్నర. ఆటో పట్టుకొని రాయదుర్గం, అక్కడి నుంచి మెట్రోలో ఉప్పల్, ఉప్పల్ చౌరస్తాలో హన్మకొండ బస్సు. భువనగిరి, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ దాటి కాజీపేట చౌరస్తాలో దిగేసరికి రాత్రి ఒకటిన్నర అయ్యేది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పొద్దున్నే ఏడింటికి రక్తం నమూనాలు తీయాలి. బాపు తోడు ఉన్నాడు కాబట్టి నేను వెళ్లగలిగాను. ఒక్కదాన్నే అయితే వెళ్లనిచ్చేవాళ్లు కాదు, నేనూ ధైర్యం చేసేదాన్ని కాదు. మా వైపు గ్యాలరీలో ఆడవాళ్లు ఎందుకు తక్కువ అనే వాళ్లు ఒకసారి ఆ రాత్రి బస్సెక్కి చూడాలి.

అసలు విషయం ఇంకొకటి. జనం గుమికూడటం మనకు చేతకాక కాదు. రెండేళ్లకోసారి మేడారం జాతర దారిలో నిలబడి చూడండి. పసిపిల్లల్ని నెత్తిన ఎత్తుకొని, బంగారమని పిలుచుకునే బెల్లం మూట కట్టుకొని, ఎవరూ పిలవకుండానే వస్తారు. చిన్నప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకొని తీసుకెళ్లారు కాబట్టి పెద్దయ్యాక వాళ్ల పిల్లల్ని తీసుకెళ్తారు. ఒగ్గు డోలు మోగితే మా జనగామ వైపు ముసలివాళ్లు కూడా కూర్చోలేరు. ఆ డోలు ఒక్కటి గచ్చిబౌలి గ్యాలరీలో మోగి ఉంటే అని ప్రతిసారీ అనుకునేదాన్ని. స్పీకర్లో పెట్టే సినిమా పాట ఆ పని చెయ్యదు. దానికి ఎవరు ఆడుతున్నారో తెలియదు, ఏ నిమిషంలో ఊపిరి బిగపట్టాలో తెలియదు.

ఒక్కసారి మాత్రం ఆ గ్యాలరీ మాదనిపించింది. 2023 మార్చి 9న ఏటీకే మోహన్ బగాన్‌తో సెమీఫైనల్. డెక్కన్ లీజియన్ అనే మన అభిమానుల గుంపు పిల్లలు ఒక మూలన చేరి గొంతులు పోయేలా అరిచారు. చివరి పావుగంట వాళ్ల పాట మా వరుస దాకా పాకింది. నా పక్కన ఇద్దరు పిల్లలతో వచ్చిన ఆయన ఆటగాళ్ల పేర్లు ఫోన్లో చూసి పిల్లలకు నేర్పిస్తున్నాడు. వాళ్లు పేర్లు తప్పుగా పలుకుతూనే పిలుస్తున్నారు. 0–0. నాలుగు రోజుల తర్వాత కలకత్తాలో పెనాల్టీల్లో ఓడిపోయాం. బాపుకు ఆ ఓటమి గుర్తు లేదు, ఆ పిల్లలు గుర్తున్నారు.

ఆ తర్వాతి ఏడాది 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, అదీ చెన్నైలో. నేర్చుకున్న పేర్లున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే వేరే టీములకు వెళ్లిపోయారు. 2024 సెప్టెంబర్‌లో భారత జట్టు గచ్చిబౌలిలో ఆడినప్పుడు మేము వెళ్లలేదు. వానలకు కేసముద్రం దగ్గర పట్టాలు కొట్టుకుపోయిన రోజులవి, మా చుట్టాల ఇళ్లలో నీళ్లు. నవంబర్‌లో మలేషియా మ్యాచ్‌కు వెళ్లాం, 1–1. 2025 అక్టోబర్‌లో క్లబ్బు ఢిల్లీకి మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. నా పసుపు చున్నీ మళ్లీ బీరువాలోకి వెళ్లింది. శ్రీనిధి డెక్కన్ ఇంకా అజీజ్‌నగర్‌లో ఉంది, సూపర్ లీగ్ కింది మెట్టు ఐ-లీగ్‌లో రెండేళ్లు వరసగా రెండో స్థానంలో నిలిచిన టీము. దానిదీ అదే దూరం, అదే రాత్రి బస్సు.

మొన్నామధ్య బాపుకు గుగులోత్ సౌమ్య గురించి చదివి వినిపించాను. నిజామాబాద్ జిల్లాలో తండా పిల్ల. భారత జట్టుకు ఆడుతోంది, క్రొయేషియాలో డినామో జాగ్రెబ్ దాకా వెళ్లొచ్చింది, ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. "మల్ల కలకత్తానేనా" అన్నాడు బాపు. కొంచెంసేపాగి, "ఈ పిల్ల నిజామాబాద్ల ఆడితే నేను పోయి కూసుంట. బస్సు ఎంతసేపైనా సరే" అన్నాడు. ఎనిమిది రాష్ట్రాల ఆటగాళ్లను కొనుక్కొచ్చి మన ఊరి పేరు పెడితే కొంతమంది వస్తారు. మన తండా పిల్ల, మన షెడ్డు ఫిట్టర్ మనవడు ఆ పదకొండు మందిలో ఉంటే చుట్టాలు వస్తారు, వాడకట్టు వస్తుంది, డోలు దానంతటదే వస్తుంది. నేను నమ్మేది ఇదే.

ఇప్పుడు ఆదివారాలు మళ్లీ రైల్వే గ్రౌండుకే వెళ్తున్నాం. ఆడేవాళ్లు పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు. చూసేవాళ్లం ఇరవై మందిమి ఉంటాం, అందులో సగం పాత షెడ్డువాళ్లే. బాపుకు మోకాళ్లు నొప్పి, ప్లాస్టిక్ కుర్చీ వెంట తెచ్చుకుంటాడు. ఆట మొదలయ్యే ముందు పిల్లలందరినీ దగ్గరికి పిలిచి పేర్లు అడుగుతాడు. పేరు తెలియకపోతే ఆయనకు కేక రాదు.

పోయిన వారం కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. ఆలస్యంగా వచ్చి, బూట్లు కట్టుకొని నేరుగా లెఫ్ట్ బ్యాక్‌లో నిలబడింది. మొదటి సగమంతా బాపు కుర్చీ అంచున కూర్చొని ఆమెనే చూశాడు, ఏమీ అనలేకపోయాడు. హాఫ్‌టైమ్‌లో బత్తాయి డబ్బా నా చేతిలోంచి తీసుకొని, కుంటుకుంటూ ఆయనే వెళ్లాడు. తొనలు ఇచ్చి ఏదో అడిగి వచ్చి కూర్చున్నాడు. రెండో సగంలో బంతి ఆమె కాలి దగ్గరికి రాగానే గ్రౌండు మొత్తం వినపడేలా పేరు పెట్టి పిలిచాడు. ఆ పిల్ల పరుగు ఆపి, తల తిప్పి, ఎవరు పిలిచారా అని మా వైపు చూసింది.

"నన్నెందుకు చూస్తానవ్ బిడ్డా, బంతి చూడు, బంతి!" అని బాపు కుర్చీలోంచి లేచాడు.