గ్రామఫోన్ గొంతు పోయిందంటే ముందు సౌండ్ బాక్స్ చూడండి

పాత గ్రామఫోన్ ఇంటికి తెచ్చుకున్నవాళ్లు చాలామంది ముందు బాకాకి పాలిష్ పట్టిస్తారు, పెట్టెకి వార్నిష్ వేయిస్తారు, ఆ తర్వాత కీ తిప్పి ప్లేటు పెడితే గొంతు కీచుగా గరగరలాడుతూ వస్తుంది, "రికార్డు అరిగిపోయింది లెండి, పాతది కదా" అని సరిపెట్టుకుంటారు. నాకు బాధేసేది అక్కడే. చాలాసార్లు రికార్డుకి ఏమీ కాదు, పాడైంది ముల్లు బిగించే ఆ గుండ్రటి డబ్బీ, అంటే సౌండ్ బాక్స్.

ఇందులో కరెంటు లేదు, యాంప్లిఫయర్ లేదు. గాడిలో ముల్లు అటూ ఇటూ ఊగితే దాన్ని పట్టుకున్న చిన్న కడ్డీ కూడా ఊగుతుంది, ఆ కడ్డీ రెండో కొస డయాఫ్రం, అంటే డబ్బీలోని పల్చటి గుండ్రటి రేకు, మధ్యలో అతికి ఉంటుంది కాబట్టి అదీ కదులుతుంది, మనం వినే పాటంతా ఆ కదలికే. ఎగ్జిబిషన్ అనే పాత మోడల్ సౌండ్ బాక్సుల్లో, తర్వాత వచ్చిన హెచ్ఎంవీ నంబర్ 4లో ఈ డయాఫ్రం మైకాది. అదేనండీ, మన కాకిబంగారం, గూడూరు, సైదాపురం వైపు గనుల్లో దొరికేది. దాని అంచుకి రెండు పక్కలా సన్నటి రబ్బరు ట్యూబు రింగులు ఉంటాయి, మైకా వాటి మధ్య మెత్తగా కూర్చోవాలి. డెబ్బై ఎనభై ఏళ్లకి ఆ రబ్బరు రాయిలా గట్టిపడిపోతుంది. ఇక మైకా ఊగదు, బేస్ పోతుంది, గట్టి స్వరం రాగానే గరగర మొదలవుతుంది, పైగా కదలలేని ముల్లు గాడి గోడల్ని కోసేస్తుంది. అందుకే రబ్బరు మార్చకుండా మంచి ప్లేటు ఏదీ దానిమీద పెట్టొద్దంటాను, ముఖ్యంగా నాటక పద్యాల ప్లేట్లు, అవి పోతే మళ్లీ దొరకవు.

విప్పేటప్పుడు తొందర పనికిరాదు. మైకా మధ్యలో బుల్లి స్క్రూ ఉంటుంది, దానిమీద మైనం చుక్క, ముందు ఆ మైనం వేడి సూదితో కరిగించి తీసేసి అప్పుడు స్క్రూ తిప్పాలి, లేదంటే మైకా పొరలు విడిపోతాయి. వెలుతురుకి పెట్టి చూడండి, లోపల వెండిలా తెల్లటి మచ్చ కనిపిస్తే పొర విడినట్టే, మార్చడమే మంచిది. కొత్త ట్యూబు మెత్తటిది తీసుకుని రెండు కొసలు సరిగ్గా ఆనుకునేలా బ్లేడుతో నిటారుగా కోయాలి, సందు ఉంటే గాలి పోతుంది, ఎక్కువైతే అక్కడ ఉబ్బుతుంది.

అసలు ఓపిక కావాల్సింది కడ్డీ సర్దడంలో. ఎగ్జిబిషన్లో రెండు చిన్న స్ప్రింగులు కడ్డీని పట్టుకుంటాయి, వాటి స్క్రూలు కొంచెం కొంచెంగా తిప్పుతూ, కడ్డీ కొస మైకాని నెట్టకుండా లాగకుండా ఊరికే ఆనేలా తేవాలి. అప్పుడు మధ్య స్క్రూ బిగించి తేనెమైనం చుక్క వేయండి. ముల్లు కొసని వేలితో మెల్లగా తడితే టక్కుమని స్పష్టంగా వినపడాలి, డబడబ అంటే మళ్లీ విప్పాల్సిందే. వెనక, టోన్ ఆర్మ్ (సౌండ్ బాక్స్‌ని పట్టుకుని శబ్దాన్ని బాకాకి చేర్చే గొట్టం) దూరే చోట ఉండే రబ్బరు కూడా చూడండి, పగిలి ఉంటే శబ్దం అక్కడే కారిపోతుంది.

1925 తర్వాత ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చాక అల్యూమినియం డయాఫ్రం బాక్సులు వచ్చాయి, హెచ్ఎంవీ 5ఏ లాంటివి. వాటి జోలికి కొత్తవాళ్లు వెళ్లొద్దు. కడ్డీ బుల్లి బాల్ బేరింగుల మీద తిరుగుతుంది, విప్పగానే గుండ్లు జారి ఎటుపోతాయో తెలీదు, వీటిలో చాలావాటి బాడీ జింక్ మిశ్రమం, అది ఏళ్లు గడిచేకొద్దీ ఉబ్బి పగుళ్లిస్తుంది, స్క్రూ బలవంతంగా తిప్పితే ముక్క ఊడి చేతిలోకొస్తుంది.

ఇంత చేశాక కూడా అరిగిన ముల్లుతోనే వాయిస్తే లాభం లేదు. స్టీలు ముల్లు ఒక పక్కకి ఒక్కటే, ప్లేటు తిరగేస్తే ముల్లు మార్చాలి. ఎల్పీ రికార్డు మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు, సౌండ్ బాక్స్ బరువుకి దాని సన్నటి గాళ్లు ఒక్కసారికే పోతాయి.