బాల్టోని చూద్దామని వెళ్లి టోగో దగ్గర తేలాం

ఎడిసన్‌లో మా అమ్మాయి దగ్గరున్న రోజుల్లో ఒక శనివారం న్యూయార్క్ వెళ్లాం. మనవడికి ఏడేళ్లు. సెంట్రల్ పార్కులో బాల్టో అనే కుక్క విగ్రహం ఉందని ఎక్కడో విన్నాడు, ఇక చూపించేదాకా ఊరుకోలేదు. మన కూడళ్లలో నిలబెట్టిన మనుషులే ఎవరెవరో సగంమందికి తెలీదు, కుక్కకి విగ్రహమేంట్రా అనుకుంటూ బయల్దేరాను.

దిగాల్సిన స్టేషన్ మాటల్లో దాటిపోయి పార్కుకి పడమటి వైపు తేలాం. విగ్రహమేమో తూర్పున, 67వ వీధి దగ్గర. "దగ్గరే నాన్నా" అంటూ మా అమ్మాయి పార్కంతా అడ్డంగా నడిపించేసరికి నా మోకాళ్లు మొరాయించాయి.

జూ దాటి కాస్త ఉత్తరంగా వెళ్తే బండరాయి మీద నిలబడి ఉంది. ఒళ్లంతా నల్లబడిన కంచు, వీపూ చెవులూ మాత్రం పిల్లలు ఎక్కీ ఎక్కీ బంగారంలా మెరుస్తున్నాయి. మావాడి వంతు వచ్చేలోపు కథ చెప్పాను. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్లో పిల్లలకి డిఫ్తీరియా, అదే మన కంఠసర్పి, పట్టుకుంది. సముద్రం గడ్డకట్టి ఓడల్లేవు, మందు రైల్లో నెనానా దాకానే వస్తుంది, అక్కణ్ణుంచి 674 మైళ్లు మంచే. 20 మంది, 150 దాకా కుక్కలు, మంచు మీద కుక్కలు లాగే స్లెడ్జి బండ్ల మీద చేతులు మార్చుకుంటూ ఐదున్నర రోజుల్లో చేర్చారు. మా నాయనమ్మ తొలిచూలు బిడ్డ గొంతు పూడుకుపోయి రెండు రోజుల్లో పోయాడని చెప్పేది. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

ఆఖరి అంచెలో గున్నార్ కాసెన్ బండికి ముందు నడిచింది బాల్టో, అందుకే పేరంతా దానికొచ్చింది. అదే ఏడాది డిసెంబరులో విగ్రహం పెడితే ఆవిష్కరణకి అదే స్వయంగా వచ్చిందట. రెండేళ్లు తిరక్కుండానే లాస్ ఏంజెలెస్‌లో ఎవడో పైసలకి చూపించే వింతయింది పాపం. క్లీవ్‌లాండ్ జనం, బడిపిల్లలతో సహా, చందాలేసుకుని విడిపించి తమ ఊరికి తెచ్చుకున్నారు.

కింద పలక మీదేమో మందు మోసిన స్లెడ్జి కుక్కలన్నిటికీ అంకితమని ఉంది. అమ్మాయి అది చదివి చెప్పగానే మావాడు బాల్టో మీంచే అడిగాడు, "మరి మిగతావాటి బొమ్మలేవి తాతయ్యా?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మాయి ఫోన్లో వెతికితే టోగో అనే కుక్క విగ్రహం దొరికింది, అదీ ఈ ఊళ్లోనే. పన్నెండేళ్ల ముసలి కుక్క, లెనార్డ్ సెప్పలా బండికి ముందు నడిచి, మందుకి ఎదురెళ్లడం తిరిగి రావడం కలిపి 260 మైళ్లు చేసింది, నార్టన్ సౌండ్ అనే గడ్డకట్టిన సముద్రం మీదుగా కూడా. బాల్టో చేసింది 50 మైళ్ల పైచిలుకు. తమాషా ఏమిటంటే బాల్టో కూడా సెప్పలా కుక్కే, మేలైనవాటిని కట్టుకుని వెళ్తూ ఆయన ఇంటి దగ్గర వదిలేసిన వాటిలో ఒకటి! ఆ విగ్రహం చూసి ఆయనకి ఎంత ఒళ్లు మండిందో ఊహించుకోవచ్చు.

మోకాళ్ల సంగతి మర్చిపోయి నేనే పదమన్నాను. ఎఫ్ రైలెక్కి ఈస్ట్ బ్రాడ్‌వేలో దిగితే సూవర్డ్ పార్కు అక్కడే. అలాస్కాని 1867లో రష్యా నుంచి కొన్న మంత్రి పేరే ఈ పార్కుకి పెట్టారు, కాబట్టి టోగోకి ఇది సరైన చోటే. కానీ విగ్రహం ఎంత చిన్నదంటే రెండుసార్లు పక్కనుంచే వెళ్లి చూసుకోలేదు. క్యూ లేదు, మెరుపూ లేదు. పక్కన పిల్లలు వాళ్ల ఆటలో వాళ్లున్నారు.

ఎక్కడానికి వీలుగా లేదు కాబట్టి మావాడు దాని పక్కన నేలమీదే చతికిలబడి, అమ్మ చూడకుండా, తన చిప్స్‌లో ఒకటి దాని ముందు పెట్టాడు.